వేగుచుక్కలో రెండు గంటలు

"కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒక్కటే" అనేవారు మన పెద్దవాళ్ళు. రైళ్ళు వచ్చిన తరువాత కాశీ విషయంలో ఆ సామెత పాతబడిపోయింది. కాని ఆ మాట అక్షరాలా వర్తించే చోటు ఇంకా ఒకటి ఉన్నది. అక్కడికి మనుషులెవరూ పోలేదు, యంత్రాలు పోయాయి. పోయినవాటిలో తిరిగి వచ్చినది ఒక్కటీ లేదు. అక్కడి నేలమీద దిగినవాటిలో అన్నిటికంటె ఎక్కువసేపు బ్రతికిన యంత్రం ఆయుర్దాయం రెండు గంటల ఏడు నిమిషాలు!

అదేదో మనం ఎన్నడూ ఎరుగని చోటు కాదు. తెల్లవారుజామున తూర్పు దిక్కున తళతళలాడుతూ కనిపించే వేగుచుక్కే అది.

యాత్రావ్యాసం వ్రాసేవాడు తాను చూచిన ఊరిని గురించి వ్రాయాలి. నేను వేగుచుక్కకు పోలేదు, పోబోను. అయినా అక్కడికి పోయిన యంత్రాలు చివరి ఊపిరి విడిచేలోపల ఫొటోలు పంపాయి, లెక్కలు పంపాయి. పరదేశం పోయినవాడు ఇంటికి వ్రాసిన ఉత్తరాలను చదివినట్టు నేను వాటిని పదేపదే చూచాను. ఆ ఉత్తరాలలోని సంగతులే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

గడియారాలు లేని రోజుల్లో పల్లెటూళ్ళలో వేగుచుక్కే గడియారం. అది పొడిచిందంటే రైతు ఎడ్లకు మేత వేసేవాడు, ఇల్లాలు కళ్ళాపి చల్లడానికి లేచేది. కొన్ని నెలలపాటు తూర్పున కనిపించి, తరువాత మాయమై, మళ్ళీ సాయంకాలంపూట పడమట ప్రత్యక్షమౌతుంది. రెండూ ఒకటే. దానికే మన పంచాంగంలో శుక్రుడని పేరు. పురాణాలలో ఆయన దైత్యులకు గురువు. ఐరోపావారికేమో సౌందర్య దేవత. రాత్రి ఆకాశంలో చంద్రుడి తరువాత అంత ప్రకాశం మరి దేనికీ లేదు.

మన ఇళ్ళల్లో పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా శుక్రుడి మాటా వస్తుంది. శుక్ర మౌఢ్యమి, వాడుకలో మూఢం, వచ్చిందంటే పురోహితుడు ముహూర్తం పెట్టడు. మా అత్తయ్య ఒకసారి నన్ను అడిగింది: "మూఢంలో శుక్రుడు కనపడడంటారు గదా, మరి అన్నాళ్ళూ ఎక్కడికి పోతాడురా?" ఎక్కడికీ పోడు. మన కంటికి సూర్యుడి వెలుగులో మునిగిపోతాడు, అంతే. ఒకసారి సూర్యుడికి ఆవలివైపు, మరొకసారి మనకూ సూర్యుడికీ మధ్య. మొత్తం ఈ చుట్టు ఒకసారి పూర్తి కావడానికి 584 రోజులు పడుతుంది. అత్తయ్య అంతా విని, "అయితే ఉన్నచోటే ఉన్నాడన్నమాట! పాపం, మనవాళ్ళే లేడనుకుంటున్నారు" అన్నది.

శుక్రుడితో తెలుగువారి చుట్టరికం పంచాంగంతోనే ఆగిపోలేదు. మధ్యకు వచ్చినప్పుడు ఎప్పుడో అరుదుగా శుక్రుడు సూర్యబింబం మీదుగా చిన్న నల్లచుక్కలాగా నడుస్తూ కనిపిస్తాడు. 1874 డిసెంబరు 9వ తేదీ ఉదయం అటువంటి ఘటన జరిగింది. భూమికీ సూర్యుడికీ మధ్య దూరం కొలవడానికి అదొక మంచి అవకాశమని దేశదేశాల శాస్త్రజ్ఞులు ఓడలెక్కి బయలుదేరిన సందర్భమది. ఆనాడు విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావుగారు తమ సొంత వేధశాలలో దుర్భిణి పెట్టి ఆ చుక్క నడకను చూచి, లెక్క కట్టి, ఇంగ్లండులోని ఖగోళ సంఘం పత్రికకు వ్రాశారు. ఆ వేధశాలను 1840లో స్థాపించినది ఆయన మామగారు గోడే వెంకట జగ్గారావుగారు. ఇటీవల ఈ ఘటన 2004లోనూ, 2012లోనూ జరిగింది. మళ్ళీ 2117లోగాని జరగదు. చూడని వారికి ఇక చూసే యోగం లేదన్నమాట.

ఇక అసలు సంగతికి వస్తాను. శుక్రుడు భూమికి దాదాపు కవలపిల్ల. భూమి అడ్డుకొలత 12,756 కిలోమీటర్లయితే శుక్రుడిది 12,104. బరువు భూమి బరువులో నూటికి ఎనభై పాళ్ళ పైచిలుకు. ఇక్కడ యాభై కిలోలు తూగే మనిషి అక్కడ నలభై అయిదు తూగుతాడు. దగ్గరికి వచ్చినప్పుడు మనకూ ఆయనకూ మధ్య నాలుగు కోట్ల కిలోమీటర్లు. కుజుడు కూడా మనకు అంత దగ్గరికి రాడు. పైగా శుక్రుడి చుట్టూ ఒక్క సందైనా లేకుండా తెల్లని మేఘాలు కమ్ముకొని ఉన్నాయి. మీదపడిన ఎండలో నాలుగింట మూడువంతులు తిరిగి పంపివేస్తున్నాయి. ఆ చుక్కకు అంత మెరుపు అందువల్లనే.

మేఘాలున్నాయి గనక వానలుంటాయి, వానలుంటే చిత్తడి నేలలు, అడవులు, ఏవో జంతువులు ఉంటాయని పూర్వం చాలామంది ఊహించారు. 1950 ప్రాంతాల్లో కూడా అక్కడ సముద్రాలుండవచ్చునని వ్రాసిన శాస్త్రజ్ఞులున్నారు. కథలు వ్రాసేవారికైతే అది పెద్ద పండుగే అయింది.

ఆ ఊహలకు 1962 డిసెంబరు 14న నీళ్ళు వదులుకోవలసి వచ్చింది. ఆ రోజు అమెరికావారి మారినర్-2 శుక్రుడి పక్కనుంచి సుమారు 35,000 కిలోమీటర్ల దూరంలో పోతూ అక్కడి వేడిని కొలిచింది. మరొక గ్రహాన్ని దగ్గరినుంచి చూచి వార్త పంపిన మొట్టమొదటి యంత్రం అదే. అది పంపిన వార్త ఒక్క ముక్కలో చెప్పాలంటే, అది కొలిమి.

తరువాత సోవియట్ రష్యావారు పట్టుబట్టారు. రష్యన్ భాషలో శుక్రుణ్ణి వెనీరా అంటారు. ఆ పేరుతోనే ఒకదాని తరువాత ఒకటి నౌకలు పంపారు. 1967 అక్టోబరులో వెనీరా-4 పారాచూట్ మీద దిగుతూ, గాలిలోని సంగతులు చెబుతూ చెబుతూ, నేల చేరకముందే మూగబోయింది. 1969లో పోయిన రెండింటి గతీ అంతే. ఆ గాలి ఒత్తిడి అంతటిదని ముందుగా చాలామంది ఊహించలేదు మరి.

1970 డిసెంబరు 15న వెనీరా-7 దిగింది. దాని కథ వింటే జాలి వేస్తుంది. పారాచూట్ చెడి, అది వేగంగా వచ్చి నేలను కొట్టుకున్నది. రేడియో ఆగిపోయిందనుకున్నారు. కాని తరువాత టేపులను మళ్ళీ పరీక్షిస్తే, గరగరల మధ్య ఎంతో సన్నగా ఒక గొంతు వినిపించింది. పక్కకు ఒరిగి పడిపోయి కూడా అది 23 నిమిషాలపాటు అక్కడి వేడి ఎంతో చెబుతూనే ఉన్నది. మరో గ్రహం నేలమీదనుంచి మనిషికి అందిన మొదటి మాట అదే. 1975 అక్టోబరు 22న వెనీరా-9 మొదటి ఫొటో పంపింది.

వీటన్నిటిలోకీ దీర్ఘాయుష్మంతురాలు వెనీరా-13. మనం దానితో కలిసి దిగుదాము, రండి.

1981 అక్టోబరు 30న బయలుదేరి నాలుగు నెలలు ప్రయాణం చేసి 1982 మార్చి 1న అది శుక్రుణ్ణి చేరుకున్నది. వేసవిలో దూరప్రయాణం చేసేవారు కూజాలో నీళ్ళు చల్లబరచుకొని బయలుదేరినట్టు, దిగబోయేముందు దాని లోపలిభాగాన్ని బాగా చల్లబరిచారు. ఆ చల్లదనం ఉన్నంతసేపే దాని ప్రాణం.

మొదట తగిలేవి మేఘాలు. నేలకు సుమారు 70 కిలోమీటర్ల ఎత్తున మొదలౌతాయి. దూరానికి పాలనురుగులా ఉన్నా అవి నీటి మేఘాలు కావు. గంధకామ్లపు తుంపరలు. వాటిమధ్య సెకనుకు నూరు మీటర్ల వేగంతో గాలులు వీస్తుంటాయి. నాలుగు రోజుల్లో గ్రహమంతా చుట్టివస్తాయి. గంధకామ్లపు వాన కురుస్తుందిగాని ఆ వేడికి దారిలోనే ఆవిరైపోతుంది. నేలమీద ఒక్క చుక్క పడదు.

నేలకు యాభై, యాభై అయిదు కిలోమీటర్ల ఎత్తున మాత్రం ఒక విచిత్రం ఉన్నది. అక్కడ ఎండ మన వేసవి ఎండంతే, గాలి ఒత్తిడి మన కొండలమీద ఉన్నంతే. శుక్రుడిలో కాస్త సుఖంగా ఉండే చోటేదైనా ఉంటే అది ఆకాశంలోనే ఉన్నది! 1985 జూన్లో వేగా నౌకలు రెండు ఆ ఎత్తులో రెండు బెలూన్లను వదిలిపెట్టాయి. ఒక్కొక్కటి రెండు రోజులకు కొంచెం తక్కువగా తేలుతూ, పదకొండు వేల కిలోమీటర్లకు పైగా కొట్టుకొనిపోతూ వార్తలు పంపింది. మరో గ్రహపు గాలిలో ఎగిరిన మొదటి బెలూన్లు అవి.

వెనీరా-13 అక్కడ ఆగలేదు. 47 కిలోమీటర్ల ఎత్తున పారాచూట్ ను వదిలేసింది. ఇక పారాచూట్ తో పనిలేదు. కింద గాలి ఎంత చిక్కనిదంటే, నీటిలో వేసిన రాయి మెల్లగా దిగినట్టు దిగవచ్చు. మొత్తంమీద దిగడానికి గంట పట్టింది. మేఘాలు దాటాక గాలి తేటపడింది, వెలుతురు తగ్గింది, వేడి పెరిగింది. చివరకు దిగింది.

అక్కడ వేడి 457 డిగ్రీల సెంటిగ్రేడు. ఇత్తడి గిన్నెకు కళాయి వేయించే తగరం 232 డిగ్రీలకు కరుగుతుంది, సీసం 327కు. కనుక మన వంటసామాను తీసుకొనిపోతే గిన్నెల కళాయి కారిపోతుంది. రాత్రివేళ చల్లబడుతుందేమోనని ఆశపడనక్కరలేదు. అక్కడ ఒక పగలు మన లెక్కలో 58 రోజులు, ఒక రాత్రి 58 రోజులు. అయినా పగలూ రాత్రీ ఒకటే వేడి. "పొద్దు పడమట పొడుస్తుందా?" అని మనం అసాధ్యమైనవాటికి అంటాము. శుక్రుడు వెనుకకు తిరుగుతాడు గనక అక్కడ పొద్దు పడమటనే పొడుస్తుంది. మేఘాలవల్ల చూడడానికి మాత్రం వీలులేదు.

ఇక గాలి ఒత్తిడి. మన ప్రెషర్ కుక్కర్ లోపల ఒత్తిడి బయటి ఒత్తిడికి రెండింతలు ఉంటుంది. శుక్రుడి నేలమీద సుమారు తొంభై ఇంతలు! సముద్రంలో తొమ్మిది వందల మీటర్ల లోతున ఉన్నట్టు లెక్క. ఆ గాలి మన గాలికన్నా యాభై రెట్లకు పైగా బరువైనది. అందులో నూటికి 96 పాళ్ళకు పైగా బొగ్గుపులుసు వాయువే. మిగిలినదాదాపు అంతా నత్రజని. నేలమీద అది వీచేది మెల్లగా, మనిషి నడకకంటె నెమ్మదిగా. ఆ యంత్రంలో శబ్దాలు వినే పరికరం కూడా పెట్టారు; ఆ గాలి వేగాన్ని దాని సద్దునుబట్టే లెక్కకట్టారు.

ఇప్పుడు ఫొటో చూడండి. ముందు యంత్రం అంచు, పళ్ళు పళ్ళుగా. పక్కన ఊడి పడిన కెమెరా మూత. ఆవల పలకలు పలకలుగా విడిపోయిన బండలు, సందుల్లో నల్లని ఇసుకమట్టి. పైన నారింజరంగు ఆకాశం. వెలుతురు బాగా మబ్బుపట్టిన రోజు మధ్యాహ్నంలాగా ఉన్నది. ఎక్కడా చెట్టు లేదు, చెమ్మ లేదు. అయినా మొదటిసారి ఆ ఫొటో చూచినప్పుడు నాకు భయం కలగలేదు. ఎక్కడో చూచిన చోటే అనిపించింది. బేతంచర్ల నాపరాళ్ళు పరచి, ఏళ్ళతరబడి పట్టించుకోకుండా వదిలేసిన పెరడులాగా ఉన్నది.

ఆ పోలిక కంటికి మాత్రమే. యంత్రం బండను తొలిచి, ఆ పొడిని చల్లని గదిలోకి లాక్కొని పరీక్షించింది. అది నాపరాయి కాదు. అగ్నిపర్వతాలు కక్కిన లావా గడ్డకట్టిన బసాల్టు. రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి క్వారీలలో కొట్టే నల్లకంకర కూడా బసాల్టు జాతిదే. 32 నిమిషాలు పనిచేస్తే చాలుననుకున్న ఆ యంత్రం 127 నిమిషాలు పనిచేసి ఆగిపోయింది.

నాలుగు రోజుల తరువాత దాని చెల్లెలు వెనీరా-14 దిగింది. అంతకుముందు పోయిన నౌకలకు కెమెరా మూతలు ఊడక చిక్కు వచ్చేది. 1978లో వెళ్ళిన రెండింటికి ఒక్క మూతా ఊడలేదు. వెనీరా-14కు మూతలు చక్కగా ఊడాయి. నేల ఎంత గట్టిదో నొక్కి చూడడానికి దానికొక చెయ్యి అమర్చారు. ఆ చెయ్యి సరిగ్గా ఊడిన మూత మీదనే పడి, నేలకు బదులు మూత గట్టిదనాన్ని కొలిచింది! కోట్ల కిలోమీటర్లు పోయి ఇంటినుంచి తెచ్చుకున్న మూతను తూచి చూచుకున్నట్టయింది పాపం.

నేలమీద నిలబడితే చుట్టూ నాలుగు గజాలే కనిపిస్తాయి. దేశమంతా చూడాలంటే పైనుంచి చూడాలి. మేఘాల చాటున ఉన్నది గనక కెమెరాతో లాభం లేదు. అమెరికావారి మగెల్లాన్ నౌక 1990 నుంచి 1994 వరకు శుక్రుడి చుట్టూ తిరుగుతూ రాడార్ తో నూటికి 98 పాళ్ళు నేలను పటం గీసింది.

ఆ పటంలో మన అట్లాసులో లేనన్ని వింతలున్నాయి. గుండ్రని దోసెల్లాగా పొంగిన లావా దిబ్బలు. లావా ప్రవహించి తొలిచిన ఒక కాలువ, పేరు బాల్టిస్, పొడవు 6,800 కిలోమీటర్లు. మన నైలునదికంటె ఎక్కువ. ఉల్కలు పడిన గుంటలు సుమారు వెయ్యే ఉన్నాయి. చంద్రుడి ముఖం ఎన్ని గుంటలతో నిండి ఉన్నదో మీకు తెలుసు. అంటే శుక్రుడి నేల పాతది కాదు. కొన్ని పదుల కోట్ల ఏళ్ళ క్రితం లావా పారి పాత నేలను కప్పివేసి ఉండాలి. ఆ అగ్నిపర్వతాలు ఇంకా చల్లారలేదు. మాత్ అనే ఎనిమిది కిలోమీటర్ల పర్వతం పక్కన ఒక అగ్నిబిలం 1991లో ఎనిమిది నెలల తేడాలో ఆకారం మార్చి, దాదాపు రెండింతలైనట్టు ఆ పాత రాడార్ పటాలనే మళ్ళీ పరిశీలించి 2023లో ప్రకటించారు.

శుక్రుడి మీద చోట్లకు ఆడవారి పేర్లే పెట్టాలని అంతర్జాతీయ ఖగోళ సంఘంవారి నియమం. ఆ నియమానికి ముందు పెట్టిన రెండుమూడు పేర్లకే మినహాయింపు. ఉత్తరాన రెండువేల కిలోమీటర్లకు మించిన విస్తీర్ణంలో, చుట్టూ పర్వతాలతో ఒక పీఠభూమి ఉన్నది. దాని పేరేమిటో తెలుసా? లక్ష్మి! సాక్షాత్తు మన లక్ష్మీదేవే. ఆ లక్ష్మీ పీఠభూమికి తూర్పున మాక్స్వెల్ పర్వతం, పదకొండు కిలోమీటర్ల ఎత్తు, ఎవరెస్టును మించినది. ఆ పర్వత శిఖరాలకు రాడార్ లో మెరిసే పూత ఒకటి కనిపిస్తుంది. మంచు అనుకుంటారేమో, అక్కడ కూడా 380 డిగ్రీల వేడి! కింద ఆవిరైన ఏవో లోహపు లవణాలు పైకి వచ్చి పేరుకున్నాయని ఊహ. వేరొకచోట 34 కిలోమీటర్ల వెడల్పు గుంట ఒకటి జోషీ పేర ఉన్నది. 1886లో అమెరికాలో వైద్యపట్టా పుచ్చుకొని, ఇరవై రెండేళ్ళయినా నిండకుండా పోయిన మరాఠీ వనిత ఆనందీబాయి జోషీ పేరు అది.

ఇన్ని చూచాక మనసులో మిగిలే ప్రశ్న ఒక్కటే. ఒకే ఇంట పుట్టిన కవలలు. ఒకే మట్టి, ఒకే బరువు. ఒకరి ఇల్లు నీళ్ళతో పచ్చగా ఉన్నది. మరొకరి ఇల్లు ఇలా కొలిమి ఎందుకైంది?

సూర్యుడికి దగ్గర గదా అంటే చాలదు. శుక్రుడి మేఘాలు ఎండలో ఎక్కువభాగం తిప్పికొడుతున్నాయి. ఆ లెక్కన చూస్తే ఆయన మనకంటె చల్లగా ఉండాలి. వేడికి కారణం ఆ బొగ్గుపులుసు వాయువే. కప్పుకున్న గొంగళి ఒంటి వేడిని బయటికి పోనివ్వనట్టు, అది నేల వేడిని బయటికి పోనివ్వదు.

ఇక్కడే నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఉన్నది. అంత బొగ్గుపులుసు వాయువు భూమికి లేదా అంటే, ఇంచుమించు అంతా ఉన్నది. కాని గాలిలో లేదు. మన కాళ్ళకింద ఉన్నది.

మన ఇళ్ళల్లో పరచుకున్న తాండూరు బండ, బేతంచర్ల నాపరాయి, పల్నాటి సున్నపురాయి, ఇవన్నీ ఒక జాతివి. నూరు కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిలో 44 కిలోల బొగ్గుపులుసు వాయువు బందీగా ఉన్నది. నిమ్మరసం పడితే నాపబండ మీద మచ్చపడడం ఇల్లాళ్ళందరికీ తెలుసు. ఆ పులుపుకు రాయి కొంచెం కరిగి, బందీగా ఉన్న వాయువు కొంచెం విడుదలైందన్నమాట. తాంబూలంలో రాసుకునే సున్నం కూడా అంతే. రాయిని బట్టీలో కాల్చి ఆ వాయువును తరిమివేస్తేగాని సున్నం కాదు.

దాన్ని రాతిలో బంధించినది ఎవరు? నీరు. అగ్నిపర్వతాలు ఊదిన బొగ్గుపులుసు వాయువును వాన కడిగింది. ఆ వాననీరు కొండలను కరిగించి, నదుల వెంట సముద్రంలో చేర్చింది. అక్కడ అది సున్నపురాయిగా పేరుకున్నది. మన నాపరాళ్ళు అలా పేరుకొని 50 కోట్ల ఏళ్ళు దాటింది. శుక్రుడిలో ఈ పని చేయడానికి నీరు మిగలలేదు. 1978లో పోయిన అమెరికా నౌకల పరీక్షలో అక్కడి ఉదజనిలో బరువు ఉదజని పాలు మన సముద్రాలలోకంటె నూరు రెట్లకు పైగా ఉన్నదని తేలింది. తేలిక ఉదజని ఆకాశంలోకి జారిపోగా బరువుది వెనకబడిపోయింది. ఎండిన చెరువు అడుగున ఉప్పు తేలినట్టు, ఒకప్పుడు అక్కడ నీరుండేదనడానికి అది సాక్ష్యం. ఆ నీరు సముద్రాలై నిలిచిందా, ఎప్పుడూ ఆవిరిగానే ఉండిపోయిందా అన్నదానిమీద శాస్త్రజ్ఞులలో వాదం నడుస్తున్నది. నీరు పోయాక మాత్రం అగ్నిపర్వతాలు ఊదినదంతా గాలిలోనే నిలిచిపోయింది.

ఇది చదివి మనం రేపో ఎల్లుండో శుక్రుడిలా అయిపోతామని హడలిపోనక్కరలేదు. మన దగ్గరి బొగ్గంతా కాల్చినా భూమి అంత కొలిమి కాదు. అట్లని నిశ్చింతగా ఉండడానికీ లేదు. కర్మాగారాలు రాకముందు మన గాలిలో పదిలక్షల పాళ్ళకు 280 పాళ్ళుండిన బొగ్గుపులుసు వాయువు ఇప్పుడు 420 దాటింది. బొగ్గు, పెట్రోలు కాల్చడం ఒక కారణం. సిమెంటు కోసం సున్నపురాయిని కాల్చడం మరొకటి. మనుషులు వదిలే ఆ వాయువులో నూటికి ఏడెనిమిది పాళ్ళు సిమెంటు తయారీలోనిదే. కోట్ల ఏళ్ళపాటు నీరు ఓపికగా కట్టిన మూటను మనం ఒక్క పూటలో విప్పుతున్నాము. అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ హాన్సెన్ మొదట శుక్రుడి మేఘాలను పరిశోధించినవాడే. తరువాత ఆయన దృష్టి భూమి గాలి మీదికి మళ్ళింది. భూమి వేడెక్కుతున్నదని 1988లో అమెరికా సెనేటు సభ్యుల ఎదుట సాక్ష్యం చెప్పినది ఆయనే.

చివరగా మనవాళ్ళ సంగతి. శుక్రుడి చుట్టూ తిరిగే నౌకను పంపడానికి 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 1,236 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 2028 మార్చిలో పంపాలని సంకల్పం. దాన్ని మోయవలసిన ఎల్.వి.ఎం.-3 రాకెట్లు ఎగిరేది మన శ్రీహరికోటనుంచే. అది నేలమీద దిగదు. పైనుంచే రాడార్ తో నేలనూ, ఇతర పరికరాలతో మేఘాలనూ పరీక్షిస్తుంది. ఆ అన్వేషణ అంత సులభం కాదు. జపానువారి అకాత్సుకి నౌక 2010లో అక్కడికి చేరి కూడా యంత్రం చెడి దారితప్పింది. అయిదేళ్ళు సూర్యుడి చుట్టూ తిరిగి, 2015లో చిన్న చిన్న రాకెట్ల సాయంతో మళ్ళీ శుక్రుణ్ణి పట్టుకున్నది. 2024 దాకా పనిచేసింది.

మన నౌక క్షేమంగా చేరాలని కోరుకుందాము. విశాఖలో నరసింగరావుగారు చూచినది సూర్యుడి మీద ఒక నల్లచుక్క. ఇప్పటి పిల్లలు లక్ష్మీ పీఠభూమి పటం చూస్తారు. ఈసారి తెల్లవారుజామున వేగుచుక్క కనిపించినప్పుడు పిల్లలను లేపి చూపించండి. దాని అందం గురించి చెప్పండి, అక్కడి ఎండ గురించీ చెప్పండి. వాళ్ళు వట్టికాళ్ళతో నిలబడిన నాపరాయి చల్లగా ఎందుకున్నదని అడిగితే, దానికి కూడా ఇప్పుడు మీ దగ్గర కొంత జవాబున్నది.